పచ్చకళ్ల మందు

పోయిన నెల మదనపల్లె బస్టాండులో ఒక అమ్మాయి నన్ను ఆపి, "సార్, మీ సీట్లో కొత్తగా చేరింది నేనే" అని పరిచయం చేసుకుంది. టీ తాగుతూ, ఈ ఉద్యోగానికి ఏం చదవాలని అడిగింది. గైడ్‌లైన్స్ చదవమన్నాను. అవి నాకంటే తెలివైనవి, పైగా కాలంతోపాటు మారతాయి. ఇంటికొచ్చాక మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ పుస్తకాల్లో లేని సంగతులు కొన్ని నా దగ్గర ఉన్నాయి. అన్నీ తప్పులు చేసి సంపాదించినవే. వాటిని నాతోపాటు ఇంట్లో ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని రాస్తున్నాను.

నేను ఫార్మసిస్టును. హెచ్ఐవీ ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులను పంచే పని. మొదట కుప్పంలో చేశాను, తర్వాత రిటైరయ్యేదాకా మదనపల్లెలో. జనం నన్ను మాత్రల సార్ అనేవాళ్లు. నా అసలు పేరు తెలిసినవాళ్లు ఆ కిటికీ ముందు పదిమంది కూడా ఉండరు. ప్రమోషన్ల గురించి ఇక్కడ రాయను. వచ్చింది ఒక్కటే, దానికీ కారణం నాకు తెలియదు. మనుషుల పేర్లన్నీ మార్చాను, ఊళ్ల పేర్లు కొన్ని దాచాను.

పురుగుకు అలవాటైన మందు

హెచ్ఐవీ మందులు వైరస్‌ను ఒంట్లోంచి పూర్తిగా తుడిచిపెట్టవు, అణచిపెడతాయి. రోజూ వేసుకున్నంతకాలం అది నోరు మూసుకుని పడి ఉంటుంది. వారం వేసుకుని వారం మానేస్తేనో, మోతాదు తగ్గిస్తేనో, మందుకు లొంగని రకం ఒకటి తయారై అదే పెరుగుతుంది. తర్వాత ఎంత బుద్ధిగా మింగినా ఆ మందు పనిచేయదు. దీన్ని రెసిస్టెన్స్ అంటారు. మొదట్లో ఈ విషయాన్ని ట్రైనింగులో నాకు చెప్పినట్టే నేనూ అరగంట చెప్పేవాణ్ణి. ఒకరోజు తంబళ్లపల్లె వైపు నుంచి వచ్చిన టమోటా రైతు నా ఉపన్యాసమంతా ఓపికగా విన్నాడు.

"అంటే సార్, పురుగుమందు నీళ్లు ఎక్కువ కలిపి కొడితే, పురుగు సావకుండా దానికి అలవాటు పడిపోతాది. మళ్లా డబ్బాలు డబ్బాలు కొట్టినా దానికి లెక్కుండదు. అదే గదా నువ్వు సెప్పేది?"

అదే అన్నాను. ఆ రోజు నుంచి నా ఉపన్యాసం రెండు నిమిషాలకు తగ్గింది. మా ప్రాంతంలో టమోటా వేయనివాళ్లు ఉండొచ్చేమో గానీ, టమోటా పురుగు సంగతి తెలియనివాళ్లు లేరు.

పాఠం చెప్పడం వచ్చింది గానీ, మనుషుల్ని చూడడం వెంటనే రాలేదు. కుప్పంలో ఉన్నప్పుడు మునెప్ప అని ఒకతను వచ్చేవాడు. గ్రానైట్ ఫ్యాక్టరీలో పాలిష్ పని. అప్పటి మందు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకోవాలి. నెలనెలా డబ్బా తెచ్చి చూపించేవాడు, మిగిలిన మాత్రలు సరిగ్గా ఉండాల్సినన్నే ఉండేవి. మనిషి మాత్రం నెలనెలా తగ్గిపోతున్నాడు. "మందు తప్పిస్తున్నావా?" అంటే "దేవుని తోడు సార్, లేదు" అనేవాడు. నేను నమ్మలేదు. లెక్క సరిపోవడానికి మాత్రలు పారేస్తున్నాడని అనుకుని గట్టిగానే మందలించాను.

ఒకసారి అతని భార్య కూడా వచ్చింది. ఆ నెల వేరే కంపెనీ మాత్రలు వచ్చాయి. "ఇది కొంచెం లావుగా ఉంది, నీళ్లు ఎక్కువ తాగు" అని మునెప్పకు చెబుతుంటే వెనక నుంచి ఆమె గబుక్కున అంది: "అయ్యో, పాతదే నాకు గొంతులో తట్టుకుంటా ఉండె గదా సార్!"

అప్పుడు బయటపడింది సంగతి. పొద్దున మాత్ర ఆయన, సాయంత్రం మాత్ర ఆమె. అలా ఏడాదికి పైగా పంచుకుంటున్నారు. ఆమెకూ హెచ్ఐవీ ఉంది. కానీ మందుల కోసం వచ్చినవాళ్లు కూర్చునే మా బెంచీ రోడ్డుకు కనబడేది. ఎదురుగా ఆమె మేనమామ అంగడి. అక్కడ కూర్చోలేక పేరు రాయించుకోలేదు. ఇద్దరికీ సగం మందు పడింది, ఇద్దరికీ ఆ మందు పనిచేయకుండా పోయింది.

అప్పటి మా డాక్టరు పెద్దాయన. ఆ దంపతులను ఒక్క మాట అనలేదు, నన్ను అన్నాడు. "ఇన్ని నెలలు మాత్రలు లెక్కపెట్టినావు, ఇంట్లో మనుషుల్ని లెక్కపెట్టలేదు" అన్నాడు. మరుసటి రోజే మనుషుల్ని పెట్టి బెంచీని లోపలి వరండాలోకి మార్పించాడు. బెంచీ మారిన నెలలోనే ముగ్గురు ఆడవాళ్లు కొత్తగా పేర్లు రాయించుకున్నారు.

మార్చడమంటే మాటలు కాదు

మందు పనిచేయడం లేదని తేలాక ఇంకో మందుకు మార్చాలి. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. మా దగ్గర ఏడాది పట్టిన రోజులున్నాయి. వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకు రక్తం తీసి దూరాన ఉన్న ల్యాబుకు పంపాలి. కొన్నిసార్లు అది దారిలోనే పాడయ్యేది, మనిషిని మళ్లీ పిలిపించాలి. వైరస్ ఎక్కువని రిపోర్టు వస్తే, మూడు నెలలు బుద్ధిగా మందు వేయించి మళ్లీ పరీక్ష. అప్పుడూ తగ్గకపోతే ఫైలు తయారుచేసి తిరుపతిలో నిపుణుల కమిటీ ముందు మనిషిని నిలబెట్టాలి. కూలి మానుకుని, ఇంట్లో ఏదో ఒక సాకు చెప్పి రావాలి. అన్నాళ్లూ పనిచేయని మందే మింగుతూ ఉండాలి.

వైరస్ ఏ మందుకు లొంగదో ముందే చెప్పే పరీక్ష ఒకటుంది. ఆ రోజుల్లో మేము దాని పేరు వినడమే. మాకు తెలిసింది రెండు మెట్లు. మొదట ఇచ్చేది ఫస్ట్ లైన్, అది చెడిపోతే సెకండ్ లైన్. మూడోది కాగితం మీద ఉండేది, మా అల్మారాలో ఉండేది కాదు. అందుకే సెకండ్ లైన్ డబ్బా ఒకరి చేతిలో పెడుతున్నప్పుడు నాకు కొంచెం భయం వేసేది.

కమిటీలు, ఆలస్యాలు అన్నీ తప్పని నేను అనను. తొందరపడి మారిస్తే ఉన్న ఆ ఒక్క మెట్టూ వృథా అవుతుంది. కానీ ఆలస్యం ఎవరిదైనా, నింద మాత్రం రోగి మీదకే వచ్చేది. "సరిగ్గా వేసుకోలేదు" అని ఫైల్లో రాసేస్తే అందరి పనీ అయిపోయేది. అలా నేనూ ఎన్నోసార్లు రాశాను, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నాగవేణికి నేను చెప్పని మాట

నేను మదనపల్లెకు మారాక వచ్చిన నాగవేణిది పుంగనూరు దగ్గర పల్లె. భర్త పోయాడు. ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండే పని. అంతకుముందు కూలికి పోయేది, బడిలో పని దొరికాక ఊళ్లో కాస్త గౌరవం వచ్చింది. పిల్లలు ఆయమ్మా అని వెంటపడేవాళ్లు. ఆమె మాట్లాడితే మా వరండా అంతా నవ్వేది. తనకు హెచ్ఐవీ అని ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇంట్లో అత్తకు కూడా బీపీ మాత్రలని చెప్పింది.

ఫస్ట్ లైన్ ఆమెకు పనిచేయకుండా పోయింది. పరీక్షలు, మళ్లీ పరీక్షలు, తిరుపతి ప్రయాణం అన్నీ అయ్యాక సెకండ్ లైన్ మంజూరైంది. అందులో ముఖ్యమైన మాత్ర అటాజనవిర్. మంచి మందు, రోజుకు ఒక్కసారి అన్నం తిన్నాక వేసుకుంటే చాలు. దానితో ఒక చిక్కుంది. కొందరికి కళ్లు పచ్చబడతాయి. అచ్చం కామెర్లలా కనబడుతుంది గానీ కామెర్లు కాదు. కాలేయానికి ఏ హానీ ఉండదు.

ఈ సంగతి నేను నాగవేణికి చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. అంతకుముందు ఒకాయనకు చెబితే డబ్బా కిటికీలోనే వదిలేసి వెళ్లిపోయాడు. భయపెట్టడం ఎందుకు, వచ్చినప్పుడు చూసుకుందాంలే అనుకున్నాను. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు ఇదే. దయ చూపిస్తున్నాననుకుని చేశాను కాబట్టి, తప్పని తెలియడానికి కూడా చాలా రోజులు పట్టింది.

తర్వాత ఆమె నెలనెలా వచ్చింది. మాత్రల లెక్క సరిగ్గా ఉండేది. ఒకసారి ఆమె కళ్లు చూసి, "ఈ మందు నీకు బాగా పడిందమ్మా, కళ్లు కూడా తెల్లగా ఉన్నాయి" అని మెచ్చుకున్నాను కూడా. ఆమె ఏదో చెప్పబోయి ఆగి, నవ్వి వెళ్లిపోయింది.

ఆరు నెలలకు చేసిన వైరల్ లోడ్‌లో వైరస్ ఆకాశమంత ఉంది.

పొయ్యిలో మాత్రలు

మదనపల్లెలో మా డాక్టరమ్మ గొంతు పెద్దది. ఆమె కేకలేస్తే వరండాలో కూర్చున్నవాళ్లు నవ్వుకునేవాళ్లు, ఎందుకంటే ఆమె రోగుల మీద ఎప్పుడూ కేకలేయదు, మా మీదే. ఆ రోజు రిపోర్టు చూసి కేక కూడా వేయలేదు. సెకండ్ లైన్ కూడా పోయిందంటే నాగవేణికి ఇవ్వడానికి మా దగ్గర ఇంకేమీ లేదు.

నాగవేణిని పిలిపించాం. నేను రిజిస్టరు తెరిచి, "మేడం, ఒక్క మాత్ర కూడా తేడా లేదు" అన్నాను. డాక్టరమ్మ రిజిస్టరు వైపు చూడనే లేదు. లేచి, నాగవేణి కంటి కింది రెప్పను కొద్దిగా లాగి చూసింది.

"ఇన్ని నెలలుగా ఎప్పుడూ పచ్చబడలేదా నీకు?"

నాగవేణి తల దించుకుంది. డాక్టరమ్మ నన్ను బయటికి పొమ్మనబోతే, నాగవేణే ఆపింది. "సారు ఉండనీ మేడం. సారుకే సెప్పాల్సింది."

మాత్రలు మొదలుపెట్టిన రెండో వారానికే ఆమె కళ్లు పచ్చబడ్డాయి. బడిలో హెడ్‌మాస్టరు చూసి, కామెర్లున్న మనిషి పిల్లలకు వండకూడదు, తగ్గాకే రమ్మన్నాడు. ఆయన తప్పేమీ లేదు, ఎవరైనా అదే అంటారు. అత్త ఆమెను గంగులప్ప దగ్గరికి తీసుకెళ్లింది. పుంగనూరు, పలమనేరు మధ్య పల్లెల్లో కామెర్లకు పసరు పోసే పెద్దమనిషి ఆయన. పసరు తాగినన్నాళ్లూ పత్తెం ఉండాలి. ఉప్పు లేని మజ్జిగన్నం తినాలి, వేరే ఏ మాత్రా నోట్లో వేయకూడదు. నాగవేణి పత్తెం తప్పలేదు, మాత్రలు ఆపేసింది. కళ్లు తెల్లబడ్డాయి, పని తిరిగొచ్చింది. మళ్లీ మాత్రలు మొదలుపెడితే మళ్లీ పచ్చ. అప్పుడు ఆమెకు అర్థమైంది, ఇదంతా మాత్ర పనేనని.

"అప్పుట్నుంచి రోజూ అన్నం వండేటప్పుడు ఆ దినం మాత్రలు తీసి పొయ్యిలో ఏస్తాండాను సార్. ఒక్క దినం గూడా తప్పలేదు."

"మింగడం మానేశానని నాకు చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను.

"తిరుపతికి పంపిచ్చి, ఇంత కష్టపడి తెప్పిస్తిరి. మింగలేదంటే మీ మనసు నొచ్చుకుంటాదని. అదీగాక మీరే గదా సార్, కండ్లు తెల్లగుండాయని మెచ్చుకుంటిరి!"

డాక్టరమ్మ అప్పుడు వేసింది కేక. నా మీదే. "అటాజనవిర్ మొదలుపెట్టగానే పచ్చ వస్తుందేమో చూడకుండా, తెలుపు చూసి సంతోషించావా? ముందుగా చెప్పావా ఆమెకు?" చెప్పలేదన్నాను. వరండాలో ఎవరో నవ్వారు. నాగవేణి కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. తిట్లు తిన్నవాడిగా చెబుతున్నాను, ఆ రోజు ఆమె నవ్వడం చూసి నాకు కొంత ధైర్యం వచ్చింది.

నాగవేణి వెళ్లాక డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. సెకండ్ లైన్ మందు కాస్త మొండిది, అంత తొందరగా చెడదు. సగం సగం మింగకుండా పూర్తిగా ఆపేసింది కాబట్టి, వైరస్ దానికి అలవాటు పడి ఉండకపోవచ్చు, మళ్లీ మొదలుపెడితే పనిచేసే ఆశ ఉంది. ఇది మానేయడానికి అనుమతి అనుకునే తెలివైనవాళ్లు ఉంటారు కాబట్టి ఎవరికీ చెప్పొద్దంది. ఇప్పుడు రాసేశాను, ఆమె చదివితే మళ్లీ ఒక కేక ఖాయం.

గంగులప్ప పసరు

మందు మళ్లీ మొదలుపెడితే కళ్లు పచ్చబడతాయి, పని పోతుంది. పని కాపాడుకుంటే మందు పొయ్యిలోకి పోతుంది. చిక్కు అది. పచ్చ రాని ఇంకో మందు ఉంది గానీ పెద్ద పెద్ద మాత్రలు రోజుకు నాలుగు, పైగా చాలామందికి విరేచనాలు. వంట చేసే మనిషికి అది ఇంకో గండం. డాక్టరమ్మ లివర్ పరీక్షలు చేయించి, అంతా మామూలేనని, ఇది అంటువ్యాధి కాదని, ఒక మాత్ర వల్ల వచ్చే రంగని సర్టిఫికెట్ రాసిచ్చింది. హెడ్‌మాస్టరు అది చదివి, మర్యాదగానే అడిగాడట, ఏ మాత్రమ్మా అని. పేరు చెబితే జబ్బు బయటపడుతుందని నాగవేణి కాగితం మడుచుకుని వచ్చేసింది.

"కాయితంతో అయ్యేది కాదు సార్. మా పక్క కండ్ల మాట గంగులప్ప సెప్తేనే జనం నమ్మేది" అంది నాగవేణి.

ఆయన దగ్గరికి నేను వెళ్లొచ్చా అని అడిగాను. నా పేరు చెప్పొద్దు, జబ్బు పేరు అసలే వద్దు అంది. మాటిచ్చాను.

ఒక ఆదివారం పొద్దున్నే పుంగనూరులో బస్సు దిగి, ఇంకో బస్సెక్కి వెళ్లాను. పాతికమంది దాకా వరుసలో ఉన్నారు. పసరు పరగడుపున పోయాలి కాబట్టి అందరూ ఖాళీ కడుపుతో విసుగ్గా ఉన్నారు. నేను దారిలో రెండు దోసెలు తిని వెళ్లాను. నా వంతు రాగానే నేను నోరు తెరిచేలోపే గంగులప్ప నా కంటి రెప్ప లాగి, "నీకేం లేదు, లెయ్యి" అన్నాడు.

అందరూ వెళ్లేదాకా ఆగి, నేను మందులిచ్చే ఉద్యోగినని చెప్పాను. కొన్ని మాత్రలతో కళ్లు పచ్చబడతాయి, అది కామెర్లు కాదు, అలాంటివాళ్లు ఆ మాత్రలు ఆపితే ప్రాణానికే ముప్పు అన్నాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన నాకు మజ్జిగ పోసి, పక్కన కూర్చోమన్నాడు.

"నాకు ఎప్పుట్నించో అనుమానముండాది సారూ. కామెర్లొచ్చినోడికి అన్నం సయించదు, నీళ్లు పచ్చగా పోస్తాడు, కూసుంటే లేవలేడు. నువ్వు సెప్పేటోళ్లు అట్ల గాదు. కడుపునిండా తింటాండారు, నడ్సుకుంటా వస్తాండారు, నీళ్లు తెల్లగానే పోతాండాయి. కండ్లు మాత్రం పచ్చ. అదేం కామెర్లు?"

నేను చదివిన పుస్తకంలో ఇదే ఉంది. ఇంగ్లీషులో, చిన్న అక్షరాల్లో. ఆయన ఒక్క పుస్తకం చదవకుండా, మనుషుల్ని చూసి తెలుసుకున్నాడు.

"మరి అనుమానం వచ్చినాక కూడా పసరు యాల పోస్తివప్పా?" అన్నాను. ఆయనతో మాట్లాడుతుంటే నాకూ మా ఊరి మాట వచ్చేసింది.

"వట్టి సేతుల్తో పంపితే ఇంగో సోటికి పోతారు. ఆడ వాతలు పెడతారు. నాది ఆకు పసరే గదా" అన్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. "ఇంగో మాట సెప్పేదా? ఇట్లాంటోళ్లకు నా పసరు వారంలో పనిచేసింది. కామెర్లకు గంగులప్ప, గంగులప్ప అని యాడెక్కడ్నుంచో వస్తాండారు. ఆ పేరు నీ మాత్రలది, నా ఆకుది గాదని ఇప్పుడు తెలిసె."

నేనూ నవ్వాను. నా డబ్బాలు ఆయనకు పేరు తెచ్చిపెట్టాయని అంతవరకు నాకూ తెలియదు. పోయేముందు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఏం రోగమని నేను అడగను, నువ్వు సెప్పద్దు. నా కాడికొచ్చినోళ్ల సంగతి నా నోట్లోనే ఉంటాది. ఇంగ మీద ఏం మాత్రలు మింగతాండావని ముందు అడిగేది, ఆపమని సెప్పేది లేదు. సాలునా?"

చాలన్నాను. పసరు వైద్యాన్ని నేను సమర్థిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. కళ్లు పచ్చబడితే రక్తపరీక్ష చేయించాల్సిందే, నిజమైన కామెర్లు ప్రాణం తీస్తాయి. కానీ మన దగ్గరికి వచ్చే ప్రతి మనిషికీ మనం కాక ఇంకో వైద్యుడున్నాడు. ఆయన్ను వెక్కిరించి ఇన్నేళ్లలో నేను సాధించిందేమీ లేదు, పక్కన కూర్చున్న ఒక్కపూటలో పని జరిగింది.

బడిలో భోజనం

తర్వాతి అడుగు నాగవేణిదే. మాత్రలు మొదలుపెట్టింది. కళ్లు పచ్చబడగానే తనే గంగులప్ప దగ్గరికి వెళ్లి, "ఇది మాత్రల పచ్చప్పా. బడిలో నన్ను వండనీయరు, నువ్వు వచ్చి సెప్పాల" అని అడిగింది. ఆయన ఏమీ అడగలేదట, ఏ రోజు రావాలని తప్ప.

మరునాడు మధ్యాహ్నం గంట కొట్టేవేళకు గంగులప్ప బడికి వచ్చాడు. హెడ్‌మాస్టరు ఉన్నాడు, ఏం జరుగుతుందో చూద్దామని నలుగురైదుగురు తల్లులూ వచ్చారు. అందరి ముందు నాగవేణి రెప్ప లాగి చూశాడు. "ఇది కామెర్లు గాదు. ఈ యమ్మ కండ్ల తీరే అంత. బిడ్డలకు అంటేది గాదు" అన్నాడు. ఆయన చేతులు కడుక్కుని పిల్లల వరుసలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"పెట్టు తల్లీ. ఆకలైతాండాది."

నాగవేణి అన్నం, పప్పు వడ్డించింది. ఆయన తిని, మళ్లీ పెట్టించుకుని, పప్పులో ఉప్పు తక్కువైందని వంక కూడా పెట్టాడు. హెడ్‌మాస్టరు మూడు ముద్దల దాకా ఆయన మొహం చూస్తూ నిలబడి, తర్వాత తనూ ఒక పళ్లెం తెచ్చుకున్నాడట. ఇదంతా ఆమె మా కిటికీ దగ్గర నిలబడి చెబుతుంటే వెనక వరుసలో ఉన్నవాళ్లు కూడా, తమ తొందర మర్చిపోయి, కథ మొదలేమిటో తెలియకుండానే నవ్వుతున్నారు.

అయినా అసలు భయం తీరలేదు. మందు పనిచేస్తున్నట్టా, లేనట్టా? మూడు నెలల తర్వాత తీసిన రక్తం దారిలో పాడైంది. మళ్లీ తీశాం. ఆ రిపోర్టు కోసం చూసినట్టు నా పెళ్లి ముహూర్తం కోసం కూడా చూడలేదు. నాగవేణి వచ్చినప్పుడల్లా ముందు కళ్లు చూసేవాణ్ణి, ఆ తర్వాతే డబ్బా అడిగేవాణ్ణి. పచ్చగా కనబడితే హమ్మయ్య అనుకునేవాణ్ణి. ఆ మందు వేసుకునే అందరికీ పచ్చ రాదు. వచ్చేవాళ్లకు మాత్రం నా రిజిస్టరు కంటే అదే నమ్మకమైన లెక్క.

రిపోర్టు వచ్చింది. వైరస్ కనబడలేదు. డాక్టరమ్మ కాగితం నా చేతికిచ్చి, కిటికీ దగ్గర దుమ్ము ఎందుకుందని కేకలేసింది. ఆమె కళ్లలో నీళ్లు నేను చూశానని ఆమెకు తెలుసు.

అప్పటి నుంచి ప్రతి మందుకూ దాని చిక్కులు ముందే చెప్పాను. కొందరు భయపడ్డారు. భయపడినవాళ్లు తిరిగొచ్చి నాతో పోట్లాడారు, పొయ్యిలో మాత్రం వేయలేదు.

తెల్లబడిన కళ్లు

నేను రిటైరవబోయే ముందు డోలుటెగ్రవిర్ అని కొత్త మందు వచ్చింది. చిన్న మాత్ర, రోజుకొకటి, కళ్లు పచ్చబడవు. మెట్ల లెక్క కూడా మునుపటంత భయంకరంగా లేదు. నాగవేణికి కూడా దాన్ని ఇవ్వొచ్చని పైనుంచి అనుమతి వచ్చింది. ఈసారి మంచీ చెడూ, నిద్ర తగ్గే సంగతి, బరువు పెరిగే సంగతి, గ్యాస్ మందు, క్యాల్షియం మాత్ర దానితో కలిపి వేసుకోకూడదనే సంగతి అన్నీ చెప్పాను. "సాలు సార్, ఇంగ మీరు మాత్ర ఇస్తే నేను మింగతాను" అంది.

రెండు నెలల తర్వాత వచ్చింది. కళ్లు కొత్త పంచెలా తెల్లగా ఉన్నాయి. నవ్వు ఆపుకోలేకపోతోంది.

"బళ్లో పెద్ద గొడవైపోయింది సార్. ఒక పాప నన్ను సూసి, ఆయమ్మా, నీ కండ్లకేమయింది, తెల్లగైపోయినాయే అని ఏడుపు మొదలుపెట్టింది. అది పుట్టి బుద్ధెరిగినప్పుట్నుంచి నా కండ్లు పచ్చగానే సూసింది గదా. దాన్ని సూసి ఇంగో నలుగురు. హెడ్‌మాస్టరు పరిగెత్తుకుంటా వచ్చినాడు. నాగవేణమ్మా, ఒంట్లో బాగలేదా, రెండ్రోజులు ఇంట్లో ఉండు, పని యాడికీ పోదులే అంటాండాడు!"

"నువ్వేమన్నావు?"

డబ్బా సంచిలో పెట్టుకుంది.

"బాగుండాను సార్ అంటిని. ఇన్నేండ్లుగా ఎవురడిగినా ఆ మాటే సెప్తాండాను. నిజంగా సెప్పింది మాత్రం ఆ పొద్దే."